ఐదు బావుల సూపర్వైజరు

"లోపల ఎవరయ్యా?"

చింతబావి ఒడ్డున బోర్లా పడుకుని, తల ఒక్కటే లోపలికి వంచి ఆదెయ్య కేకేశాడు. బావి అదే మాటను కాస్త బొంగురుగా తిరిగి అప్పజెప్పింది. అడుగున నాలుగు కప్పలు, ఒక ప్లాస్టిక్ చెంబు. అన్నీ నిన్నటివే.

"ఎవరూ లేకుంటే మంచిదే" అంటూ లేచి, చొక్కాకంటిన మట్టి దులుపుకున్నాడు. మూడు బావులు చూడటం అయింది. ఇంకా రెండున్నాయి.

ఉదయం ఆరున్నర. మంచు ఇంకా కంది చేను మీదే పడుకుని ఉంది. ఆ ఏడు వానలు బాగా కురవడంతో కంది మనిషిని మించి పెరిగి, పచ్చటి పూతతో దారులన్నిటినీ కప్పేసింది. కొత్తవాడు ఆ చేలో దిగితే దిక్కు తెలియక మధ్యాహ్నానికి గానీ బయటపడడు. ఆదెయ్య మాత్రం కళ్ళు మూసుకుని తిరగ్గలడు.

అరవై ఏళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏడాదిగా బావుల్లోకి తొంగి చూసీ చూసీ మెడ ముందుకే ఉండిపోయింది. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రంపం తీసుకుపోయింది. మెడలో నీలం తాడు, తాడుకి ప్లాస్టిక్ కార్డు. కార్డు మీద ఫోటో కింద అక్షరాలు స్పష్టంగా ఉంటాయి: 'ఆదెయ్య, సూపర్వైజరు (బావులు)'.

ఆ ఉద్యోగం భూప్రపంచంలో అతనొక్కడికే ఉండి ఉంటుంది.

తర్లుపాడు దాటాక కొండ వైపున్న ఆ నలభై ఎకరాలు రామలింగయ్య శెట్టివి. శెట్టికి మార్కాపురంలో సిమెంటు, ఇనుము దుకాణం. పొలంలో బోర్లు పడ్డాక పాతబావులు ఐదూ పనికిరాకుండా పోయాయి. ఎండాకాలం ఎండిపోతాయి, వానాకాలం నిలువులోతు నీళ్ళు పడతాయి. చుట్టూ గోడ లేదు. కిందటేడు ఒక దుప్పి వాటిలో ఒకదాంట్లో పడి చచ్చింది. అటవీశాఖ వాళ్ళు శెట్టికి నోటీసు పంపారు. నీ భూమిలో తిరిగే అడవి జంతువు ప్రాణానికి జవాబుదారీ నీదే, ఐదు బావులకూ నడుమెత్తు గోడ కట్టించు, ఇంకో జంతువు చస్తే కేసు పెడతాం అన్నది దాని సారాంశం.

శెట్టి ఊరందరికీ సిమెంటు అమ్ముతాడు. కానీ తన సిమెంటు తన బావికి పోయాలంటే సొంత రక్తం పోసినట్టు ఉంటుంది ఆయనకి. వానకి తడిసి గడ్డకట్టబోతున్న బస్తాలతో చేను నడుమ ఉన్న నడిమిబావికి మాత్రం గోడ కట్టించాడు. మిగతా నాలుగింటికి ఆదెయ్యను పెట్టుకున్నాడు. రోజూ పొద్దున, సాయంత్రం బావులన్నీ చూడాలి. ఏదైనా పడితే తీయాలి.

ఆదెయ్య తీశాడు. తాబేళ్ళను గంపలో, పాములను పొడుగు గెడతో, ఒక నక్కను నిచ్చెన వేసి పైకి తెచ్చాడు. పెళ్ళి భోజనం ఎక్కువై పడిపోయిన వంటమనిషిని కూడా ఒకసారి తీశాడు. ఆ మనిషి పైకి రాగానే గరిటె ఏదని అడిగాడు.

ఆదెయ్య జీవితమంతా కాపలానే. పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక దాని తాళానికి రెండేళ్ళు కాపలా ఉన్నాడు. ఆ తర్వాత ఒక సినిమాహాలుకి. అందులో ఆట ఆగి అప్పటికే ఏడాది. ఆ తర్వాత ఒక నీళ్ళ ట్యాంకుకి. అందులోకి నీళ్ళు రానేలేదు. "మా ఆయన కాపలా కాసినవి ఒక్కటీ పోలేదు" అని తులసమ్మ వాడలో గొప్పగా చెప్పేది. పోవడానికి వాటిలో ఏమీ లేదన్న సంగతి మాత్రం చెప్పేది కాదు. ఈ కార్డు వచ్చాక ఆమె ధోరణే మారింది. ఎవరడిగినా "సూపర్వైజరు" అంటుంది. బావుల మాట ఎత్తదు.

తూర్పుబావిలో ఎవరూ లేరు. ఆదెయ్య మొండిబావి దగ్గరికి వచ్చాడు. కొండకు దగ్గరిది, అన్నిటికన్నా లోతైనది. మెట్లు ఎప్పుడో కూలిపోయాయి. బోర్లా పడుకుని తల వంచాడు.

"లోపల ఎవరయ్యా?"

"హుఫ్" అంది బావి.

ఆదెయ్య తల చటుక్కున వెనక్కి లాగి, మళ్ళీ మెల్లగా వంచాడు. పాత మెట్లలో మిగిలిన ఒకే ఒక్క రాతి మీద, ఛాతీదాకా నీళ్ళలో, వెనక కాళ్ళ మీద నిలబడి ఉంది ఎలుగుబంటి. ముందు పంజాలతో గోడను పట్టుకుని తల పైకెత్తి అతన్నే చూస్తోంది. గోడ నిండా తెల్లగా గోటి చారలు. రాత్రంతా ఎక్కబోయి జారినట్టుంది.

ఆదెయ్య సెల్లు తీశాడు.

"శెట్టిగారూ, మొండిబావిలో ఎలుగు పడింది."

"ఏ ఎలుగు?"

"నల్లదయ్యా."

"నల్లదో తెల్లదో... బతికుండాదా?"

"నిలబడి ఉండాది. నా తట్టే చూస్తాండాది."

"తొమ్మిదికి ఫారెస్టు మేడమ్ గోడలు చూడను వస్తాండాది ఆదెయ్యా. ఇయ్యాలే పడాల్నా అది?"

"దానికి తెలియదు గదయ్యా."

ఆదెయ్యకు తెలిసిన విషయం ఇంకొకటుంది. గోడలు కట్టామని శెట్టి ఆఫీసుకి ఐదు ఫోటోలు పంపాడు. ఐదూ నడిమిబావివే, ఐదు వైపుల నుంచి తీసినవి. వాటిని చూసి మేడమ్ సంతోషించి ఊరుకుంటుందనుకుంటే, స్వయంగా చూస్తానంది. అందుకని రెండు రోజులుగా శెట్టి ఒక పథకం వేసి పెట్టాడు. ఆదెయ్య ఆవిడను కంది చేలో ఐదు దారుల్లో తిప్పి, ఐదుసార్లూ నడిమిబావి దగ్గరికే తేవాలి. శెట్టి ట్రాలీ ఆటో నడిపే నౌషాద్ అక్కడే చేలో దాక్కుని, ప్రతిసారీ బావి వేషం మార్చాలి. గోడకు తగిలించిన బడి పలక మీద సుద్దముక్కతో నంబరు మార్చాలి.

"ఆయమ్మ ఒంటిగంటకి పోతాది. పోయినాక నిచ్చెన వేసి తీద్దాం. అప్పటిదాకా ఎలుగు మాట ఎత్తితే నీ కార్డు నేనే కత్తిరిస్తా" అని శెట్టి ఫోను పెట్టేశాడు.

ఇరవై అడుగుల సరుగుడు నిచ్చెన షెడ్డులో ఉంది. ఒక్కడు మోయలేడు. ఆదెయ్య మళ్ళీ బావిలోకి చూశాడు. ఎలుగు కాళ్ళ కింది రాతి చుట్టూ మట్టి కరిగి నీళ్ళలో కలుస్తోంది.

"ఒంటిగంట దాకా నిలబడు నాయనా" అన్నాడు. ఎలుగు హామీ ఏమీ ఇవ్వలేదు.

* * *

అటవీశాఖ బీటు ఆఫీసరు నాగజ్యోతి సరిగ్గా తొమ్మిదికి స్కూటీ మీద వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఖాకీ బట్టలు, బురద బూట్లు, చేతిలో ఎర్రమూత నీళ్ళ సీసా. రోడ్డు పక్క షెడ్డులో శెట్టి తెల్లచొక్కా, తెల్లపంచె కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా ఎదురొచ్చి కాఫీ ఇచ్చాడు.

"నాకు మోకాళ్ళ నొప్పులు మేడమ్. మా సూపర్వైజరు చూపిస్తాడు. అన్నీ ఒకేరకంగా కట్టించినాం. తేడా కనపడదు."

ఆ మాట ఒక్కటీ నిజమే.

మొదటి నంబరు బావి. గోడ, గోడకి మేకు, మేకుకి పలక, పలక మీద '1'. నాగజ్యోతి టేపుతో ఎత్తు కొలిచి, నీళ్ళు తాగి, సీసా గోడ మీద పెట్టి ఫోటో తీసుకుంది. "బాగుంది" అంది.

ఆదెయ్య ఆమెను ఉత్తరపు దారిలో అరకిలోమీటరు తిప్పి తెచ్చాడు. రెండో నంబరు బావి గోడ మీద పచ్చగళ్ళ లుంగీ ఆరేసి ఉంది. మళ్ళీ కొలిచింది. "ఇదీ బాగుంది."

మూడో నంబరు బావికి మేక కట్టేసి ఉంది. మేక ఆదెయ్యను చూసి గుర్తుపట్టినట్టు అరిచింది. అతను తల తిప్పుకున్నాడు.

అప్పుడే కొండ వైపు నుంచి గాలి మీద ఒక మూలుగు వచ్చింది.

"ఏంటి ఆ శబ్దం?" అంది నాగజ్యోతి.

"ట్రాక్టరమ్మా."

నాలుగో నంబరుకి దక్షిణపు దారి. ఆదెయ్య కాళ్ళు నడుస్తున్నాయి గానీ మనసు మొండిబావి ఒడ్డునే బోర్లా పడుకుని ఉంది. టైము పదకొండు దాటుతోంది. రాయి ఎంతసేపు ఆగుతుంది? నౌషాద్‌కి ఈసారి కొత్త ఆలోచన వచ్చినట్టుంది. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలకి తువ్వాలు చుట్టి, మొహం సగం కప్పి, నలభై అయిదేళ్ళ బొజ్జతో తనే రైతులా కూర్చున్నాడు.

"నమస్తే మేడమ్" అన్నాడు గొంతు మార్చి.

"ఈ బావి మీదేనా?"

"లేదు మేడమ్. నేను ఊరికే కూచున్యా."

ఆమె అతని కాళ్ళకున్న సుద్దపొడిని చూసింది. గోడ కొలిచింది. అంతలో మూలుగు మళ్ళీ వినిపించింది. ఈసారి తక్కువగా, తెగి తెగి.

"ట్రాక్టరుకి డీజిల్ అయిపోతన్నట్టుండాది" అంది నాగజ్యోతి.

ఆదెయ్య కొండ వైపు చూశాడు. ఏమీ లేని తాళానికీ, ఏమీ లేని హాలుకీ, ఏమీ లేని ట్యాంకుకీ కాపలా ఉన్నప్పుడు ఒక్కరోజు కూడా డ్యూటీ తప్పలేదు. ఇప్పుడు లోపల ఒకటుంది. తను మాత్రం దానికి వీపు పెట్టి, లుంగీలు ఆరేసిన బావిని నాలుగోసారి చూపిస్తున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది. అరవైలో ఇంకో ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. వాడలో తులసమ్మ మళ్ళీ వట్టి తులసమ్మ అవుతుంది. చెప్పకపోతే అది పోతుంది.

నడిమిబావి పక్కనే దారులు రెండుగా చీలే చోట నిలబడిపోయాడు.

"అమ్మా, ఐదో బావి ఇట్ల కాదు. అట్ల."

"ఇంతసేపూ ఇట్లనే తిప్పితివి గదా పెదనాయనా?"

"ఇంతసేపూ చూపించింది ఒక్కటే బావి."

నాగజ్యోతి నవ్వలేదు, కోప్పడలేదు. "తెలుసు. మొదటి బావి మీద నా నీళ్ళ సీసా వదిలిపెట్టినా. రెండో బావి మీద దొరికింది. మూడో బావికి పోతే నీడకు జరిపిపెట్టి ఉండాది. నాలుగో బావి మీద ఎవరో పుణ్యాత్ముడు నిండా నింపి పెట్టినాడు."

కందిలోంచి నౌషాద్ గొంతు వినబడింది. "ఆదెయ్య మామదేమో అనుకున్యా మేడమ్!"

"మరి ముందే అడగలేదేందమ్మా?" అన్నాడు ఆదెయ్య.

"ఐదోసారికి ఏం వేషం వేస్తారో చూద్దామని. మా నాయన కూడా గిద్దలూరు తట్టు కందే ఏస్తాడు. ఎండ ఏ తట్టు నుంచి పడతాందో నాకు తెలియదా?"

"అమ్మా, అది ట్రాక్టరు కాదు."

ఆమె మొహం మారింది. "ఏంది మరి?"

"ఎలుగు. రాత్రి నుంచి నీళ్ళలో నిలబడి ఉండాది."

"ఇప్పుడా చెప్పేది!" అని ఆమె అప్పటికే పరుగందుకుంది.

* * *

రెస్క్యూ వాళ్ళకి ఫోను చేస్తే మూడు గంటలు పడుతుందన్నారు. మొండిబావిలో రాయి ఒక పక్కకి ఒరిగింది. ఎలుగు గడ్డం నీళ్ళకు తగులుతోంది. కళ్ళు సగం మూసుకుంది.

"నిచ్చెన!" అంది నాగజ్యోతి.

ముందు నౌషాద్, వెనక ఆదెయ్య, మధ్యలో బీటు ఆఫీసరు. ఇరవై అడుగుల సరుగుడు నిచ్చెన కంది చేలో మలుపు తిరగాల్సిన ప్రతిచోటా రానని మొండికేసింది. వెనకాలే శెట్టి, మోకాళ్ళ నొప్పులు ఎక్కడ పెట్టాడో గానీ, పంచె పైకి కట్టి పరిగెత్తుతున్నాడు.

"మేడమ్! అయ్యో మేడమ్! ఆ బావి నాది కాదు. హద్దురాయి అవతలిది!"

"హద్దురాయి ఏది?"

శెట్టి అటూ ఇటూ చూశాడు. "బావిలో పడింది."

నాగజ్యోతి నిచ్చెన దించకుండానే తల తిప్పింది. "పెదనాయనా, నువ్వు చెప్పు. ఈ బావి ఎవరిది?"

శెట్టి ఆదెయ్య వైపు చూశాడు. ఆ చూపులో కత్తెర ఉంది. ఆదెయ్య మెడలోని కార్డు నిచ్చెనకు చిక్కుకుని వేలాడుతోంది. దాన్ని మెల్లగా విడిపించుకున్నాడు.

"బావి శెట్టిగారిదేనమ్మా. లోపల ఉన్నది మాత్రం నాది."

నిచ్చెనను ఏటవాలుగా జార్చారు. నీళ్ళు చిమ్మాయి. ఎలుగు దాన్ని ఒక దెబ్బ కొట్టింది. వాసన చూసింది. పళ్ళతో కొరికింది. నాగజ్యోతి చేత్తో సైగ చేసి అందరినీ దానికి వాసన తగలని వైపు, కందిలోకి వెనక్కి తీసుకుపోయింది. అందరూ కంది మొదళ్ళ మధ్య కూర్చున్నారు. ఒక్క శెట్టి తప్ప.

ఆయనకి ఒక అనుమానం వచ్చింది. అది నిచ్చెనను విరగ్గొడితే? సరుగుడు నిచ్చెన మొన్నే తెప్పించింది. మెల్లగా బావి ఒడ్డుకి పోయి, నడుం వంచి లోపలికి తొంగి చూశాడు.

సరిగ్గా అప్పుడే ఎలుగు బయటికి చూసింది.

రెండు మొహాల మధ్య మూరెడు దూరం ఉండి ఉంటుంది. రామలింగయ్య శెట్టి జీవితంలో ఎందరో అధికారులను చూశాడు. ఇంత దగ్గర నుంచి, ఇంత తడిగా ఎవరూ ఆయన్ను చూడలేదు. ఎలుగు ఒడ్డెక్కి ఒళ్ళు ఒక్కసారి విదిల్చింది. తెల్లచొక్కా, తెల్లపంచె ఆ క్షణమే రంగు మారాయి. శెట్టి ఆగలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తాడు. కందిలోంచి, షెడ్డులోంచి, రోడ్డు మీదికి పోయి ట్రాలీ ఆటో టాపు మీద ఎక్కి కూర్చున్నాడు.

ఎలుగు ఆయన వెంట పడలేదు. దానికి అంత ఓపిక లేదు. వణుకుతూ నాలుగడుగులు వేసి, ఆగి, ఆదెయ్య దాక్కున్న వైపు ముక్కు పైకెత్తింది. ఆదెయ్య కదల్లేదు. అది తల తిప్పుకుని కందిలో దిగింది. కొండ వైపుకి ఒక గీతలాగా పూతకొమ్మలు ఊగుతూ పోయాయి. చేను చివరిదాకా ఊగి, ఆగిపోయాయి.

"పోయింది" అంది నాగజ్యోతి మెల్లగా.

* * *

షెడ్డు దగ్గర ఆమె రాసుకోవాల్సింది రాసుకుంది. జంతువు బతికింది కాబట్టి కేసు పెట్టడం లేదనీ, పదిహేను రోజుల్లో నాలుగు గోడలూ లేవాలనీ, దొంగ ఫోటోల సంగతి మాత్రం పై సారుకి చెప్పక తప్పదనీ అంది. శెట్టి టాపు మీద నుంచే సంతకం చేశాడు.

"మా దగ్గర వాచరు పోస్టులు ఖాళీ లేవు పెదనాయనా" అంది స్కూటీ తీస్తూ, ఆదెయ్యతో. అనాల్సి వచ్చినందుకు ఆమెకే బాధగా ఉంది.

"నేను అడగలేదు గదమ్మా."

ఆమె పోయాక శెట్టి కిందికి దిగాడు. జుట్టు నిండా బురద. "నలభై బస్తాలు! నా దుకాణం నుంచి నా బావులకి! గోడలు లేస్తే నీతో నాకేం పనయ్యా? ఇయ్యాల్టితో సరి."

"సరేనయ్యా."

"సరే అంటావేంది? బతిమాలవా?"

"గోడలు కట్టాల్సిందేలే అయ్యా. ఇంకోతూరి పడితే తీసేదానికి నాకూ ఓపిక లేదు."

శెట్టికి ఇంకా తిట్టాలని ఉంది గానీ చలికి పళ్ళు టకటకమంటున్నాయి. నౌషాద్ ఆటో స్టార్టు చేశాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మామా, తులసమ్మత్తకి నేను చెప్పాల్నా, నువ్వు చెప్తావా?" అన్నాడు.

"నేనే చెప్తాలే. కాపలా కాసింది బతికే పోయిందని చెప్తా."

సాయంత్రం ఐదైంది. డ్యూటీ లేదు. అయినా ఆదెయ్య కాళ్ళు దారిలో పడ్డాయి. పెద్దబావి, చింతబావి, నడిమిబావి, తూర్పుబావి. ప్రతిచోటా తల వంచి పిలిచాడు. ప్రతి బావీ అతని గొంతు అతనికి తిరిగిచ్చింది. చివరికి మొండిబావి దగ్గరికి వచ్చాడు. నీళ్ళు తేరుకుంటున్నాయి. రాయి కనబడలేదు, మునిగిపోయింది.

ఒడ్డు మీద, సరిగ్గా అంచున, ఒక తోలు చెప్పు పడి ఉంది. ఎడమ కాలిది, శెట్టిది. పరుగులో జారింది కాబోలు, సగం గాలిలో వేలాడుతోంది. ఇంకో గాలి వీస్తే లోపల పడుతుంది.

ఎత్తుకుపోయి ఇవ్వడానికి ఆదెయ్య ఇప్పుడు శెట్టి మనిషి కాడు. వదిలేసి పోవడానికి మనసు రాలేదు. వంగి దాన్ని బావికి నాలుగడుగుల దూరం లాగి, గట్టి నేల మీద నిలకడగా పెట్టి, ఇంటి దారి పట్టాడు.

రోడ్డు వైపుకి తిరిగి ఆ ఒంటిచెప్పు అక్కడే ఉండిపోయింది, దాని నిండా పట్టినంత పెద్ద ఎలుగు పంజా బురద గుర్తు సాయంత్రపు ఎండకు మెల్లగా ఆరుతూ.